గోడవారన మొలిచిన ఆస్టర్లు

ఇరవై రెండు రోజుల పాటు పూటపూటా నీళ్లు చిలకరించి, మిట్టమధ్యాహ్నపు ఎండ తగలకుండా పాత నూలుచీర అడ్డం కట్టి, కంటికి రెప్పలా నేను సాకిన మొక్క వయ్యారిభామ అన్న సంగతి, మా ఇంటి పనికి వచ్చే అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియలేదు. ఉన్నత పాఠశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని కావడం వల్ల ఈ మాట రాయడానికి కొంత సిగ్గుగానే ఉంది. "ఇది వయ్యారిభామ గదా టీచరమ్మా, దీనికి పందిరేసినారే!" అని ఆమె నవ్వుతూ, చేతికి పాలిథిన్ సంచి తొడుక్కుని, మొక్కను వేరుతో సహా లాగి పారవేసింది. లేత వయసులో వయ్యారిభామ ఆకులకు అంతగా చీలికలు ఉండవనీ, నాలుగైదు ఆకులు దాటిన తరువాతనే అవి చామంతి ఆకుల్లా విచ్చుకుంటాయనీ ఇప్పుడు చెప్పగలను గాని, ఆ రోజు నాకు కుండీలో కనిపించింది మాత్రం మొక్క కాదు, అమెరికాలో చూసి వచ్చిన ఊదారంగు ఆస్టర్ పూల మీద నాకున్న మోజు.

ఆ మోజు 2022లో మొదలైంది. మా అమ్మాయి ఉండేది మసాచుసెట్స్ రాష్ట్రంలో. ఆ ఏడు సెప్టెంబరు, అక్టోబరు నెలలు నేను అక్కడ గడిపాను. ఉదయం నడకకు వెళ్లే దారి పక్కన, కంచెల వెంబడి, ఎవరూ నాటని చోట్ల, నడుము ఎత్తున కొన్ని, నా తల ఎత్తున కొన్ని, ఊదాపూల పొదలు ఉండేవి. పసుపుపచ్చని మధ్యభాగం చుట్టూ యాభైకి తక్కువ కాకుండా సన్నని రేకులు. పక్కనే గోల్డెన్‌రాడ్ అనే మరో మొక్క పసుపు కంకులు ఉండడం చేత, ఆ రెండు రంగులూ ఎవరో కావాలని జత చేసినట్టుగా కనిపించేవి. అది న్యూ ఇంగ్లాండ్ ఆస్టర్ అనీ, ఆ నేలకు సొంతమైన మొక్క అనీ అమ్మాయి చెప్పింది. చలి ముదిరిన ఒక ఉదయం, పువ్వు మీద బొద్దుగా ఉన్న తుమ్మెద ఒకటి కదలక మెదలక ఉంటే చచ్చిపోయిందనుకుని పుల్లతో కదపబోయాను. రాత్రి చలికి బిగుసుకుపోయి పువ్వు మీదనే పడుకుంటుందనీ, ఎండ తగలగానే లేచి పోతుందనీ అమ్మాయి ఆపింది. అక్కడే నిలబడి చూశాము. పావుగంట తరువాత ఒళ్లంతా వణికించుకుని లేచి వెళ్లింది. మెక్సికో దాకా వలస పోయే మోనార్క్ సీతాకోకచిలుకలకు కూడా ఆ కాలంలో దారి బత్తెం పెట్టేవాటిలో ఈ పూలు ముఖ్యమైనవి.

అక్కడి తోటమాలులు ఈ మొక్కను జూన్ నెలలో సగానికి కత్తిరిస్తారు. అలా చేస్తే కొమ్మలు ఎక్కువగా వేసి, గాలికి వాలిపోకుండా గుబురుగా పెరిగి, పూలు విరగబూస్తాయట. ఈ సంగతి గుర్తుంచుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను; తరువాత పనికి వస్తుంది.

ఇంకొక వింత కూడా అక్కడే తెలిసింది. ఆస్టర్ అంటే గ్రీకు భాషలో నక్షత్రం. అయితే మనమందరం ఆస్టర్ అని పిలిచే ఆ అమెరికా మొక్కకు శాస్త్రంలో ఇప్పుడు ఆ పేరు లేదు. 1994లో గై నెసమ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు అమెరికా ఆస్టర్లను యూరప్, ఆసియా ఆస్టర్ల నుంచి విడదీసి వేరే ప్రజాతుల్లో చేర్చాక, న్యూ ఇంగ్లాండ్ ఆస్టర్ సింఫయోట్రైకమ్ నోవే-ఆంగ్లియే అయింది. ప్రజాతి పేరు మొక్కకు ఇంటిపేరు లాంటిదని నేను పిల్లలకు చెప్పేదాన్ని. పెళ్లి కాకుండానే ఇంటిపేరు మారిన మొక్కను చూడడం మాత్రం అదే మొదలు.

తిరుగు ప్రయాణంలో గుప్పెడు విత్తనాలు తెచ్చుకుందామనుకున్నాను. అమ్మాయి ససేమిరా ఒప్పుకోలేదు. విదేశాల నుంచి విత్తనాలు తేవాలంటే మన దేశపు 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆ దేశపు ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి. చీర మడతల్లో దాచుకుని వచ్చే వస్తువు కాదు. ఆ రోజు నాకు కోపం వచ్చిన మాట నిజమే గాని, తెచ్చినా అది అనంతపురంలో బతికేది కాదని తరువాత లెక్క వేసుకుని తెలుసుకున్నాను. ఆ విత్తనం చక్కగా మొలవాలంటే ముందు కొన్ని వారాలు తడిలో, చలిలో నానాలి. అక్కడ ఆ పని మంచు చేస్తుంది. పూత రావాలంటే పగలు కురచ కావాలి. మసాచుసెట్స్‌లో జూన్ పగలు 15 గంటలు దాటుతుంది, డిసెంబరు పగలు 9 గంటలకు దిగుతుంది. మా ఊళ్లో ఎంత తేడా వచ్చినా 13 గంటలకూ 11 గంటల పైచిలుకుకూ మధ్యనే. పైగా ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండ, ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన, నేల మీద తెల్లని ఉప్పు పొర మిగిల్చే బోరు నీళ్లు. ఫ్రిజ్‌లో పెట్టి మొలిపించినా, ఆ మొక్క ఇక్కడ ఏమి చూసుకుని బతుకుతుంది?

ఈ లెక్క ముందే వేసుకోకుండా 2023లో ఆన్‌లైన్‌లో ఒక విత్తనాల ప్యాకెట్ తెప్పించుకోవడం నా మొదటి తప్పు. అట్ట మీద ఊదాపూల బొమ్మ, కింద ఆస్టర్ అని రాత, లోపల యాభై విత్తనాలు. నారు తట్టలో వేస్తే మొలిచినవి ఆరు. ఐదు మొలకలు వారంలోనే మాడిపోయాయి. మిగిలిన ఆరవదే నేను పందిరి వేసి సాకిన వయ్యారిభామ. అది ప్యాకెట్‌లోనిది కాదు, నేను కలిపిన పశువుల ఎరువుతో వచ్చిందని నా నమ్మకం.

నవ్వుకోవలసిన విషయమే గాని, ఆ సాయంత్రం నాకు నవ్వు రాలేదు. వయ్యారిభామ కూడా ఆస్టర్ కుటుంబానిదే. అమెరికా ఖండం నుంచి వచ్చి, 1950లలో పుణే ప్రాంతంలో కంటపడి, దేశమంతా పాకింది. మా జిల్లా రైతులకు దానితో ఇంకొక పాత లెక్క కూడా ఉంది. 2000 సంవత్సరం ఖరీఫ్‌లో వేరుశనగకు కాండం కుళ్లు వైరస్ తెగులు వచ్చి, ఒక్క అనంతపురం జిల్లాలోనే రెండు లక్షల హెక్టార్లకు పైగా పైరు దెబ్బతిన్నది. ఆ వైరస్‌ను తనలో దాచుకుని, పైకి ఏ రోగలక్షణమూ చూపకుండా పచ్చగా నిలబడేది వయ్యారిభామ. దాని పుప్పొడిని ఒంటికి అంటించుకుని తామర పురుగులు చేలోకి చేరేవి. ఆ ఏడు మా అన్నయ్య చేనులో మొక్కలు చివర్ల నుంచి ఎండుకుంటూ వస్తే, గట్టు మీద కూర్చుని తల పట్టుకున్న మనిషిని నేను కళ్లారా చూశాను. అలాంటి మొక్కకు గొడుగు పట్టినదాన్ని నేను.

ఆ తరువాత పద్ధతిగా మొదలుపెట్టాను. మన పూల అంగళ్లలో ఆస్టర్ పేరుతో అమ్మే పువ్వు చైనా ఆస్టర్. దాని శాస్త్రీయ నామం కాలిస్టెఫస్ చైనెన్సిస్. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ కామిని, పూర్ణిమ, శశాంక్, వైలెట్ కుషన్ అనే రకాలను మన వాతావరణం కోసమే తయారు చేసింది. నేను కామిని, వైలెట్ కుషన్ రకాలు తెచ్చుకున్నాను. చైనా ఆస్టర్ విత్తనానికి ఆయుస్సు తక్కువ. ఏడాది దాటితే మొలక శాతం బాగా పడిపోతుంది. మొదటి ప్యాకెట్‌లో యాభైకి ఐదు మాత్రమే ఎందుకు మొలిచాయో అప్పుడు అర్థమైంది. కాబట్టి కొనేటప్పుడు అట్ట మీది బొమ్మ కన్నా, వెనుక ఉన్న తేదీ చూడడం ముఖ్యం.

పుబ్బ కార్తెలో, అంటే సెప్టెంబరు మొదటి వారంలో, నారు పోశాను. ఆరవ రోజుకు మొలకలు కనిపించాయి. నెల తిరిగేసరికి నాలుగైదు ఆకులు వచ్చాయి. మా పెరటిది ఎర్ర గరప నేల. నీళ్లు పోసినంతసేపు తాగుతుంది, మరుసటి పూటకు దాహమంటుంది. అందుకని చెరువు మన్ను రెండు తట్టలు, చివికిన పశువుల ఎరువు ఒక తట్ట కలిపి, అడుగుకు ఒక మొక్క చొప్పున నాటాను. తేమ నిలవడానికి పైన శెనక్కాయల పొట్టు పరిచాను. మా ఊళ్లో పొట్టుకు కొదవలేదు కదా అన్న ధీమాతో రెండు అంగుళాల మందం వేయడం నా రెండవ తప్పు. పదిహేను రోజులు తిరగకుండానే పొట్టు కింద చెదలు పుట్టలు కట్టి, మూడు మొక్కల కాండాలు కొరికివేశాయి. పొట్టంతా తీసివేసి, వేపపిండి చల్లి, తరువాత నుంచి పలచగా, కాండానికి జానెడు ఎడంగా మాత్రమే వేస్తున్నాను. ఇంకొక రెండు మొక్కలు ఒక పక్క ఆకులు మాత్రమే వాలేసి, నీళ్లు పోసినా లేవకుండా చనిపోయాయి. కాండం చీల్చి చూస్తే లోపల గోధుమరంగు చారలు. అది నేలలో ఉండే ఫ్యుజేరియం బూజు వల్ల వచ్చే వడలు తెగులు. మందుల కన్నా మడి మార్చడమే మేలు. మరుసటి ఏడు ఆ మడిలో బెండ వేశాను.

మిగిలినవి డిసెంబరు చివరలో పూశాయి. సంక్రాంతికి గొబ్బెమ్మల మీద మా ఇంటి ఆస్టర్లే పెట్టాము. వీధిలో అందరూ మెచ్చుకున్నారు. ఆ సంతోషంతో అమ్మాయికి వీడియో కాల్‌లో చూపిస్తే, అంతా విని ఆమె అడిగిన మాట ఒక్కటే: "చాలా బాగున్నాయమ్మా. కానీ అవి చైనావి కదా? మన ఊరి ఆస్టర్లు ఏవి?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. ముప్పై ఒక్క సంవత్సరాలు నేను శీర్షవత్ పుష్పవిన్యాసం, అంటే బుల్లి పూలెన్నో ఒకచోట చేరి ఒక్క పువ్వులా కనిపించే అమరిక, పాఠం చెప్పింది బడి ఆవరణలోని గడ్డి చామంతి పువ్వుతో. పిల్లలు దాన్ని తెంపుకుని రావడం, బ్లేడుతో నిలువుగా కోయడం, నోటుపుస్తకంలో బొమ్మ వేయడం ఏటేటా జరిగే తంతు. మన గట్ల మీద, మన రోడ్ల పక్కన, దెబ్బ తగిలితే ఆకు రసం పిండుకునేంత చనువుగా బతికే ఆ గడ్డి చామంతి కూడా అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చినదే. చామంతి చైనాది. బంతి మెక్సికోది. పొద్దుతిరుగుడు అమెరికాది. దేవుడి గూట్లో నేను రోజూ పెట్టే పూలలో ఈ కుటుంబానివన్నీ ఒకనాడు ఓడ దిగి వచ్చినవేనని తేలిన రోజు, ఎందుకో కాసేపు నిశ్శబ్దంగా కూర్చున్నాను. వాటిని పరాయివని తోసిపుచ్చాలన్న ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు. బంతి తోరణం లేని గుమ్మాన్ని నేను ఊహించలేను. అయినా అమ్మాయి అడిగిన ప్రశ్న మాత్రం ప్రశ్నగానే ఉండిపోయింది.

జవాబు దొరికింది కొళాయి దగ్గర, ప్రహరీ గోడ అడుగున. సిమెంటు పెచ్చు ఊడిన చోట జానెడున్నర ఎత్తున సన్నని మొక్క, కొమ్మల చివర మిరియపు గింజంత ఊదా పూలు. నేను వారానికొకసారి పెరికి పారేసే మొక్కే. అది సహదేవి. ఆఫ్రికా నుంచి మన దేశం మీదుగా ఆస్ట్రేలియా దాకా సహజంగా పెరిగే మొక్క. ఆయుర్వేదానికి, మన పల్లె వైద్యానికి పాత చుట్టం. నా కాలేజీ చదువులో దీని పేరు వెర్నోనియా సినేరియా; ఇప్పుడు సయాంథిలియం సినేరియం. దీనికీ ఇంటిపేరు మారింది.

ఒక పువ్వు తెంపి, తెల్లకాగితం మీద పెట్టి, దబ్బనంతో విడదీసి, పాత భూతద్దం కింద చూశాను. ఆస్టర్‌కు ఉన్నట్టు చుట్టూ రేకుల్లా కనిపించే కిరణ పుష్పకాలు దీనికి లేవు. ఉన్నవన్నీ మధ్యభాగపు చక్ర పుష్పకాలే, సుమారు ఇరవై. ఒక్కొక్కటి సన్నని గొట్టం. కొసన ఐదు మొనలుగా విచ్చుకుని బుల్లి నక్షత్రంలా ఉంది. గొట్టంలోంచి కీలాగ్రం రెండు పాయలుగా చీలి, పాము నాలుకలా వెనక్కి వంగింది. అడుగున తెల్లని నూగు కుచ్చు. ఆ నూగే రేపు గింజకు గొడుగై గాలిలో తీసుకుపోతుంది. మిరియపు గింజంత చోటులో ఇరవై నక్షత్రాలు. ఆస్టర్ అనే గ్రీకు మాటకు ఇంతకన్నా హక్కు ఉన్న పువ్వును నేను చూడలేదని, పక్షపాతంతోనే, రాస్తున్నాను.

సహదేవిని పెంచడం అనే మాట వింటేనే మా వీధిలో నవ్వుతారు. అది పెంచకుండానే పెరుగుతుంది. అయితే కావలసిన చోట పెరిగేలా చేయడంలో కొంత పని ఉంది. గింజ పండగానే గాలికి లేచిపోతుంది కాబట్టి, ఎండ ముదరక ముందే, మంచు తడి ఉండగానే కాయ తలలను కాగితపు సంచిలోకి దులిపి పట్టుకోవాలి. తడిపిన మన్ను మీద పైపైన చల్లి, మన్ను కప్పకుండా అరచేతితో ఒత్తి వదిలేశాను. తొలకరి జల్లులకు మొలిచాయి. వాటికి ఎరువు వేయలేదు. ఒక కుండీకి వేసి చూస్తే ఆకు బలిసింది గాని పూలు తగ్గాయి. జానెడు ఎత్తు రాగానే, మసాచుసెట్స్‌లో నేర్చుకున్నట్టుగా, కత్తెర తీసుకుని సగానికి కత్తిరించాను. మా ఆయన గుమ్మంలో నిలబడి, "పిచ్చిమొక్కకు క్షవరం కూడానా?" అన్నారు. నెల తరువాత కత్తిరించని మొక్క నాలుగు కొమ్మలతో బక్కగా నిలబడితే, కత్తిరించినది గుబురై ఊదారంగు పొగలా పూసింది. ఆయన దాని గురించి ఇంకేమీ అనలేదు.

సహదేవికి తోడుగా బోడసరం తెచ్చాను. బుక్కరాయసముద్రం చెరువు కింద, వరి కోసిన మడుల్లో చలికాలంలో కనిపించే మొక్క ఇది. గులాబీ, ఊదా కలిసిన గుండ్రని బంతులు, కాండం పొడవునా రెక్కల్లాంటి అంచులు, చేయి తగిలితే ఘాటైన వాసన. దాని బంతి ఒక పువ్వు కాదు. పూల గుత్తి కూడా కాదు. గుత్తులన్నీ కలిసిన గుత్తి. దీనికి తడి కావాలి, బంకమన్ను కావాలి. పగిలిన సిమెంటు తొట్టిలో చెరువు మన్ను నింపి, గదులు కడిగిన నీళ్లు పోస్తే సరిపోయింది. కొండ దారుల్లో దసరా తరువాత పసుపుపచ్చగా పూసే పెంటనీమా ఇండికమ్ అనే చిన్న మొక్కను కూడా పెళ్లగించి తెచ్చాను. అది చూడడానికి అచ్చమైన చిట్టి ఆస్టర్. మూడు సార్లు తెచ్చాను, మూడు సార్లూ చచ్చిపోయింది. నాలుగవసారి మొక్కను కదపకుండా గింజలు మాత్రం తెచ్చి, గులకరాళ్ల మధ్య చల్లితే మొలిచింది.

పోయిన ఏడు సంక్రాంతి ముందు, ఇంటికి సున్నం వేయించే హడావుడిలో, పెరడు శుభ్రం చేయడానికి మా ఆయన ఒక కూలీని మాట్లాడారు. నేను బజారు నుంచి వచ్చేసరికి సహదేవి మడి నున్నగా, అద్దంలా ఉంది. ఆ మనిషిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ముప్పై ఏళ్లు నేను చేసిన పనే అతను ఒక్క పూటలో చేశాడు. గింజలు మట్టిలో రాలి ఉండడం వల్ల మడి మళ్లీ పచ్చబడింది. ఈసారి చుట్టూ గుండ్రాళ్లు పేర్చి, వాటికి సున్నం కొట్టించి, మధ్యలో ఒక వరస వైలెట్ కుషన్ ఆస్టర్లు నాటాను. విచిత్రం ఏమిటంటే, తెల్లరాళ్ల లోపల ఉన్నందువల్లనే ఇప్పుడు అందరికీ అవి పెంచుతున్న మొక్కల్లా కనిపిస్తున్నాయి. మా పనమ్మాయి ముగ్గు వేసేటప్పుడు కూడా ఆ రాళ్ల దాకా వచ్చి చుక్కలు ఆపుతుంది.

ఈ జనవరిలో ఆ మడి మీద నారింజరంగు సీతాకోకచిలుక ఒకటి వాలింది. రెక్కల కొసలు నలుపు, నలుపులో తెల్ల మచ్చలు. ఇది ప్లెయిన్ టైగర్. దీని పిల్లపురుగు మన జిల్లేడు ఆకు తిని పెరుగుతుంది. మసాచుసెట్స్‌లో ఆస్టర్ల మీద చూసిన మోనార్క్‌దీ దీనిదీ ఒకే ప్రజాతి, డానస్. పక్కనే అరచేయంత చైనా ఆస్టర్లు పూసి ఉన్నా, అది చాలాసేపు సహదేవి చుట్టూనే తిరిగింది.

వెంటనే అమ్మాయికి వీడియో కాల్ చేశాను. అక్కడ అర్ధరాత్రి. సీతాకోకచిలుక నిలవలేదు. "నీ ప్రశ్నకు జవాబు ఇదే" అని సహదేవి కొమ్మను ఫోను ముందు పెడితే, "ఏదమ్మా? ఏమీ కనబడడం లేదు, ఊదా చుక్కలు తప్ప" అంది నిద్రమత్తులో. ఉండమని చెప్పి లోపలికి వెళ్లి భూతద్దం తెచ్చి, ఫోను కంటికి ఆనించి పట్టుకుని, పువ్వును నెమ్మదిగా దగ్గరకు జరిపాను. చేయి వణకడం వల్ల మొదట అంతా మసకగా ఉంది. మా పనమ్మాయి వచ్చి కొమ్మను గట్టిగా పట్టుకుంది. ఇరవై నక్షత్రాలూ తెర నిండా విచ్చుకున్నాయి.